ఒంగోలు – చెన్నై టోలు: ఏడాది పాసు తీసుకోవాలా, మానాలా?

#1 వారాంతపు ఒంగోలు
అందరికీ నమస్కారం. ఉద్యోగం చెన్నైలో, ఇల్లు ఒంగోలులో. నెలకు రెండుసార్లు శుక్రవారం రాత్రి బయలుదేరి వచ్చి, ఆదివారం మధ్యాహ్నం తిరుగు ప్రయాణం. నాన్నకు గుండె ఆపరేషన్ అయిన దగ్గర నుంచి రైలు టికెట్టు ఖాయమవుతుందా లేదా అని ఎదురుచూసే ఓపిక పోయింది. అందుకని ఒక పాత కారు కొన్నాను. డీజిలు లెక్క ముందే వేసుకున్నాను, టోలు లెక్క మాత్రం వేసుకోలేదు. వెళ్ళి వచ్చేసరికి ఫాస్టాగ్ (కారు అద్దానికి అతికించే టోలు ట్యాగు) లోంచి సుమారు వెయ్యి రూపాయలు పోతున్నాయి.

2025లో 3000 రూపాయలకు మొదలుపెట్టిన ఏడాది పాసు ఉంది కదా, 200 ట్రిప్పులు అంటున్నారు. ట్రిప్పు అంటే ఏమిటి? ఒంగోలు నుంచి చెన్నై దాకా కలిపి ఒకటా? మా ఆఫీసులో ఒకాయన అవునన్నాడు, ఇంకొకాయన నవ్వాడు. నవ్వినాయనే సరైనవాడని నా అనుమానం.

#2 లెక్కల మాష్టారు
నవ్వినాయనే సరైనవాడు.

మన పదహారో నంబరు జాతీయ రహదారి మీద ఒక టోలుగేటు దాటితే ఒక ట్రిప్పు. ఒంగోలు నుంచి దక్షిణంగా వెళ్తే మీకు తగిలేవి టంగుటూరు, ముసునూరు, వెంకటాచలం, బూదనం, సూళ్ళూరుపేట, ఆపైన తమిళనాడులో నల్లూరు. ఆరు. వెళ్ళి వస్తే పన్నెండు. 200ను పన్నెండుతో భాగిస్తే పదహారు పూర్తి ప్రయాణాలు, ఎనిమిది గేట్లు మిగులు. నెలకు రెండుసార్లయితే ఎనిమిది నెలలకు పాసు అయిపోతుంది. 200 ట్రిప్పులు, ఏడాది కాలం: ఈ రెండింటిలో ఏది ముందు ముగిస్తే అక్కడితో పాసు చెల్లు. తర్వాత మీ ట్యాగు మామూలు ట్యాగులాగే పనిచేస్తుంది, లేదా ఇంకో పాసు కొనుక్కోవచ్చు.

అయినా మీకు లాభమే. ఆ 3000 ధర ప్రకారం గేటుకు 15 రూపాయలు పడుతుంది. ఏడాదికి ఇరవై నాలుగు ప్రయాణాలంటే మీ లెక్క ప్రకారం 24 వేలు. రెండు పాసులు కొన్నా ఆరు వేలే, అందులోనూ రెండోది సగానికి పైగా మిగులుతుంది.

కొనే ముందు ఒకటి చూసుకోండి. మీది పాత కారు అన్నారు. ట్యాగు మీ బండి రిజిస్ట్రేషన్ నంబరు మీద ఉండాలి, కేవలం ఛాసిస్ నంబరు మీద తీసుకున్న ట్యాగుకు పాసు ఇవ్వరు. ట్యాగు అద్దానికి అతికించి ఉండాలి కూడా. పాత యజమాని ట్యాగుతోనే ఇంకా తిరుగుతుంటే ముందు అది మార్చండి.

#3 పన్నెండు చక్రాలు
కార్లకేగా పాసు. 2025 ఆగస్టు 15న మొదలుపెట్టినప్పుడు మా క్లీనరు పొద్దున్నే ఫోనులో చూసి సంబరపడ్డాడు. కార్లు, జీపులు, వ్యాన్లు, అదీ సొంత వాడకానికి మాత్రమే అని కింద రాసి ఉంది. వాడు ఫోను జేబులో పెట్టుకుని టీ తాగడానికి పోయాడు.

చీమకుర్తి రాయి ఎక్కించుకుని నెలకు ఎన్నిసార్లు దక్షిణానికి వెళ్తానో నాకే లెక్క లేదు. మా లారీలకు యాక్సిళ్ళ (ఇరుసుల) లెక్క. ఖాళీగా తిరిగి వచ్చినా అదే ధర.

#4 గుంటగట్టు
వ్యాన్లంటే నా రొయ్యల వ్యాను కూడా వస్తుందేమో అని నేనూ ఆశపడ్డాను. నంబరు పలక పసుపు రంగులో ఉంటే రాదు.

నాకు అర్థం కానిది ఒకటి. బండి కొన్న రోజే రోడ్డు పన్ను కట్టాము. డీజిలు కొట్టించిన ప్రతిసారీ రోడ్డు పేరు మీద సెస్సు కడుతున్నాము. మళ్ళీ గేటు దగ్గర డబ్బులు. ఒకే అన్నానికి మూడుసార్లు వడ్డించుకుని మూడుసార్లు డబ్బు కట్టినట్టు లేదా?

#5 లెక్కల మాష్టారు
కడుపుమంట న్యాయమే గానీ మూడూ ఒకే జేబులోకి పోవు. బండి కొన్నప్పుడు కట్టిన పన్ను రాష్ట్రానిది. డీజిలు మీద సెస్సు కేంద్రానిది, దానికి 2000లో చేసిన చట్టం కింద వేరే నిధి ఉంది. గేటు దగ్గర తీసుకునేది ఆ ముక్క రోడ్డుకు ఫీజు. దానికి 2008 నాటి నియమాలు ఉన్నాయి. కారుకు కిలోమీటరుకు 65 పైసలు, అదీ 2007–08 ధరల్లో, నాలుగు వరసల రోడ్డుకు. ఆపైన ఏటా ఏప్రిల్ 1న మూడు శాతం, చక్రవడ్డీ లేకుండా. దాని మీద టోకు ధరల సూచీ ఎంత పెరిగితే అందులో 40 శాతం. పేపర్లో ప్రతి మార్చి చివర్లో వచ్చే 'టోలు బాదుడు' వార్త వెనక ఉన్నది ఈ లెక్కే.

అందుకే ఒక గేటులో ఎక్కువ, ఇంకో గేటులో తక్కువ ఉంటుంది. వసూలు చేసేది గేటుకు కాదు, ఆ గేటు కిందికి వచ్చే రోడ్డు పొడవుకు.

#6 పెన్నా అవతల
మాష్టారూ, అరవై కిలోమీటర్లకు ఒక గేటే ఉండాలంటారు కదా? మరి నెల్లూరు దాటి తడ వెళ్ళే లోపల మూడు ఎలా వచ్చాయి?

#7 లెక్కల మాష్టారు
అరవై కిలోమీటర్ల మాట ఆ 2008 నియమాల్లోదే, దానికి మినహాయింపులూ అందులోనే రాసి ఉన్నాయి. తడ – నెల్లూరు ముక్క ఒప్పందం అంతకు ముందుది, స్వర్ణ చతుర్భుజి తొలి రోజుల నాటిది. గేట్లు మూడయినా ఒక్కొక్కటి తన వంతు పొడవుకే తీసుకుంటుంది కాబట్టి, ఒకే గేటు పెట్టి మొత్తం ఒకేసారి తీసుకున్నా మీ జేబులోంచి పోయేది అంతే అని వాదన. కాగితం మీద వాదన సరైనదే. మూడుసార్లు బ్రేకు వేసి, మూడుసార్లు వరసలో నిలబడే సమయం ఆ లెక్కలోకి రాదు.

#8 పన్నెండు చక్రాలు
సమయం మాట వచ్చింది కాబట్టి చెప్తున్నాను. టోలు తిట్టడం నాకూ ఇష్టమే. కానీ నేను క్లీనరుగా ఎక్కిన రోజుల్లో ఇది ఐదో నంబరు రోడ్డు. ఎదురుగా వచ్చే బండి లైట్లు కళ్ళలో కొడుతుంటే చింతచెట్లకు కొట్టిన తెల్ల సున్నం పట్టీలు చూసుకుంటూ నడిపేవారు. ఒంగోలు ట్రంకు రోడ్డు, కావలి ట్రంకు రోడ్డు, నెల్లూరు ట్రంకు రోడ్డు, అన్నీ ఊరి మధ్య నుంచే. ఒక ఊళ్ళో పెళ్ళి ఊరేగింపు, ఇంకో ఊళ్ళో తిరునాళ్ళు. మద్రాసు వెళ్ళడానికి ఒక రాత్రి చాలేది కాదు. మా గురువు స్టీరింగు మీద తల పెట్టి నిద్రపోయిన చోట్లన్నీ నాకు గుర్తు.

ఇప్పుడు అదే దూరం భోజనం చేసి బయలుదేరితే తెల్లవారేలోపు అయిపోతుంది. టైర్లు మిగులుతున్నాయి. కాబట్టి కట్టే డబ్బుకు ఏమీ రావడం లేదని నేను అనను. ఎక్కువ తీసుకుంటున్నారని అంటాను.

#9 గుంటగట్టు
సరే అన్నా, నీ రాయి కరగదు. నా సరుకు కరుగుతుంది.

పోయిన పట్టుబడి రోజు జరిగింది చెప్తాను. రాత్రి పదిన్నరకు వల దింపాము. వేసవి కాబట్టి ఎండ రాకముందే పట్టాలి, పట్టగానే ఐసులో పడాలి. ముప్పై కౌంటు (కిలోకు ముప్పై రొయ్యలు) వచ్చింది, దేవుడి దయ. ట్రేలో ఒక వరస ఐసు, ఒక వరస రొయ్య, మళ్ళీ ఐసు, అలా నింపి రెండు గంటలకు బండి ఎక్కించాము. వ్యాను నాది, నడిపేది మా తమ్ముడు. గేటు దగ్గరికి వెళ్ళేసరికి ట్యాగు చెల్లదంది. బాలెన్సు లేదు. తప్పు నాదే, వారం క్రితం మేత కొన్నప్పుడు ఆ ఖాతా ఖాళీ చేసి మరిచిపోయాను. తమ్ముడు ఫోను చేస్తే నేను గుంట గట్టు మీద నిలబడి, తడి చేతులు లుంగీకి తుడుచుకుని డబ్బు వేశాను. వేశాక కూడా వెంటనే తీసుకోదు. వెనక ఉన్న బండ్లు హారన్లు. పక్కకు తీయమన్నారు. పక్కకు తీసి, రెట్టింపు కట్టి, రసీదు కోసం నిలబడి, మొత్తం నలభై నిమిషాలు. బండి కింద నుంచి ఐసు నీళ్ళు ధారగా కారుతుంటే తమ్ముడు వీడియో తీసి పంపాడు. అది చూస్తూ నేను ఏమీ చేయలేను.

ప్లాంటులో తూకం దగ్గర మెత్తబడిందని కొంత పక్కకు తీశారు. ఎంత పోయిందో ఇక్కడ రాయను, ఇంట్లో వాళ్ళు కూడా ఈ వేదిక చదువుతారు.

#10 లెక్కల మాష్టారు
ఇలాంటి పరిస్థితిలో అందరూ గుర్తుపెట్టుకోవలసినవి రెండున్నాయి.

2025 నాటి నిబంధన ప్రకారం ట్యాగు చెల్లనప్పుడు నగదు కడితే రెట్టింపు. 2025 నవంబరు 15 నుంచి యూపీఐతో కడితే ఒకటింబావు వంతే. అంటే వంద రూపాయల గేటుకు నగదయితే రెండు వందలు, ఫోనుతో అయితే నూట ఇరవై ఐదు. మీ తమ్ముడు ఏది కట్టాడో చూడండి.

ఇంకొకటి, ఇది 2018 నుంచీ ఉంది. మీ ట్యాగు బాగుండి, డబ్బు ఉండి, గేటు దగ్గరి యంత్రమే చదవలేకపోతే మీరు ఏమీ కట్టనవసరం లేదు. సున్నా రసీదు ఇచ్చి వదలాలి. మీ సందర్భం అది కాదు, ట్యాగులో డబ్బు లేదు కాబట్టి. కానీ చాలామంది యంత్రం తప్పుకు తమ జేబులోంచి కట్టి వెళ్ళిపోతుంటారు. గొడవ అయితే 1033కు ఫోను చేయండి.

#11 గుంటగట్టు
నగదే కట్టాడు. అప్పుడు ఈ నిబంధన ఉందో లేదో నాకు తెలియదు, వాడికి అసలే తెలియదు. గేటు దగ్గర ఉన్నవాళ్ళకు తెలిసే ఉంటుంది.

#12 వారాంతపు ఒంగోలు
మాష్టారూ, మా మేనమామ ఒక గేటుకు ఎనిమిది కిలోమీటర్ల దూరంలో ఉంటాడు. రోజూ గేటు దాటి బడికి వెళ్ళి పాఠాలు చెప్పి వస్తాడు. ఆయనకు కూడా ఏడాది పాసు చెప్పమంటారా?

#13 లెక్కల మాష్టారు
చెప్పవద్దు. రోజుకు రెండు, నెలకు పాతిక పని దినాలంటే యాభై. నాలుగు నెలలకే 200 అయిపోతాయి. 3000 ధరకే చూసినా ఏడాదికి మూడు పాసులు, తొమ్మిది వేలు. ఆయనకు స్థానికుల నెలవారీ పాసు ఉంది. గేటుకు ఇరవై కిలోమీటర్ల లోపల నివాసం, సొంత వాడకం బండి ఉంటే చాలు. 2007–08లో నెలకు 150 రూపాయలుగా పెట్టారు, ఏటా పెరుగుతూ 2025లో 350 దరిదాపులకు వచ్చింది. ఏడాదికి 4200. ఆధార్, బండి కాగితాలు తీసుకుని గేటు ఆఫీసుకు వెళ్ళమనండి.

అయితే ఆ నియమం చివర ఒక మెలిక ఉంది. అటువైపు వెళ్ళడానికి సర్వీసు రోడ్డుగానీ వేరే దారిగానీ ఉంటే ఆ పాసు ఇవ్వనవసరం లేదు. సర్వీసు రోడ్డు ఉందా లేదా అనేది ఎవరు నిర్ణయిస్తారో, అది నడవడానికి వీలుగా ఉందో లేదో ఎవరు చూస్తారో అక్కడ రాయలేదు.

#14 మామిడితోట
మీరందరూ రోడ్డు పొడవునా వెళ్ళేవాళ్ళు. నేను అడ్డంగా వెళ్ళేదాన్ని. నాకు పాసు ఏదైనా ఉందా మాష్టారూ?

మాది ఉలవపాడు దగ్గర. ఇల్లు, కొట్టు రోడ్డుకు తూర్పున. తోట పడమర. మా మామగారి రోజుల్లో తోటకు వెళ్ళడమంటే రోడ్డు మీద అటూ ఇటూ చూసి నాలుగు అడుగులు. తర్వాత నాలుగు వరసలయింది, ఆ తర్వాత ఆరయింది. అండర్‌పాసు కిలోమీటరున్నర అవతల ఉంది. వాన పడితే మోకాటి లోతు నీళ్ళు. వాన లేకపోయినా కాయల తట్ట నెత్తిన పెట్టుకుని మూడు కిలోమీటర్లు చుట్టూ తిరగడం రోజుకు ఒకసారి అయితే సరే, మేలో నాలుగైదుసార్లు.

కాబట్టి దాటుతాము. తెల్లవారుజామున ఐదింటికి, మంచు ఉన్నా లేకున్నా. మూడు వరసలు దాటి డివైడరు మీద నిలబడతాను. అక్కడ గన్నేరు మొక్కలు నడుము ఎత్తు పెరిగి ఉంటాయి, వాటి సందులో నిలబడితే నేను ఎవరికీ కనపడను. లారీ వెళ్ళినప్పుడు గాలికి తట్ట ఒక పక్కకు లాగుతుంది. చేత్తో పట్టుకుంటే చీర కొంగు ఎగురుతుంది, కొంగు పట్టుకుంటే తట్ట ఒరుగుతుంది. లారీ దూరం తెలుస్తుంది, అది మోత పెట్టుకుంటూ వస్తుంది. కారు దూరం తెలియదు. చిన్నగా కనపడుతుంది, రెప్ప వేసేలోపు ఎదురుగా ఉంటుంది. ఇరవై ఏళ్ళుగా దాటుతున్నాను, ఇప్పటికీ కారు దూరం అంచనా కట్టలేను.

మాకు టోలు లేదు. ట్రాక్టరుకు లేదు, స్కూటరుకు లేదు, ఎద్దుల బండికి లేదు. నడిచేవాళ్ళకు అసలే లేదు. ఉచితం.

#15 పన్నెండు చక్రాలు
అమ్మా, ఆ చోటు నాకు తెలుసు. మీరు చెప్పలేదు గానీ కొట్ల వరస దాటాక కొంచెం ముందుకు, గన్నేరు గుబురుగా ఉండే చోటు. నిజంగానే మీరు కనపడరు.

పైన కూర్చున్నవాడికి ఎలా ఉంటుందో చెప్తాను. నలభై టన్నుల పైన బరువు వెనక. బ్రేకు కాలితో తొక్కగానే ఆగేది కాదు, ఎంత దూరం పోతుందో నేలను బట్టి, తడిని బట్టి. గన్నేరు పొదలో ఏదో కదిలితే కుక్క అనుకుంటాము. కుక్క అయితే హారను కొట్టి వెళ్ళిపోతాము. ఒకసారి అలా హారను కొట్టుకుంటూ వెళ్తే అద్దంలో తట్ట కనపడింది. అది మీరే అయి ఉండవచ్చు. ఆ రోజు టంగుటూరు దాకా నేనూ క్లీనరూ ఏమీ మాట్లాడుకోలేదు.

లారీ వెనక అతికించే మెరిసే టేపు ఉంటుంది, ఎరుపు తెలుపు. ఒక మూర కొని తట్ట అంచుకు చుట్టండి. ఫర్లాంగు దూరం నుంచి కనపడుతుంది. మీరు డబ్బు పెట్టవద్దు, నా దగ్గర చుట్టలు ఉన్నాయి. ఈ వారం అటు వస్తాను, ఏ కొట్టులో ఇవ్వమంటారో చెప్పండి.

#16 మామిడితోట
ఏ కొట్టులో ఇచ్చినా నాకు చేరుతుంది, అన్నీ మా వాళ్ళవే. మీకు కాయలు పెడతాము. ఆ అద్దంలో కనపడింది నేను కాదని అనుకుందాము.

#17 బకింగ్‌హాం తాత
పిల్లలూ, మీరు ఈ రోడ్డు నిన్న పుట్టినట్టు మాట్లాడుతున్నారు. ఈ తీరంలో మద్రాసుకు వెళ్ళే దారి ఎప్పుడూ ఎవరో ఒకరి గట్టు మీద నుంచే పోయింది. మా తాత పడవ మనిషి. పెదగంజాం నుంచి మరక్కాణం దాకా 420 కిలోమీటర్ల బకింగ్‌హాం కాలువ, మద్రాసు దాని మధ్యలో. ఇక్కడి నుంచి ఉప్పు, ధాన్యం, సరుగుడు కట్టెలు పోయేవి. మద్రాసులో పొయ్యి వెలిగించిన కట్టెల్లో మన ఇసుకలో పెరిగినవి ఎన్నో. గాలి అనుకూలిస్తే తెరచాప, లేకపోతే గట్టు మీద ఇద్దరు నడుముకు తాడు కట్టుకుని లాగడం. తాత నడుము మీద ఆ తాడు మచ్చ నేను చూశాను. నల్లగా, వడ్డాణంలాగ.

తర్వాత రైలు, తర్వాత రోడ్డు. కాలువ పూడిపోయింది, తుపాన్లు మిగతా పని చేశాయి. ఇప్పుడు అందులో గుర్రపుడెక్క తప్ప ఏదీ ప్రయాణం చేయదు.

గుంటగట్టు అబ్బాయి ఐసు నీళ్ళ సంగతి చదివి తాత గుర్తొచ్చాడు. ఆయన కూడా గాలి పడిపోయి చేపలు చెడిపోయిన కథ ఒకటే వందసార్లు చెప్పేవాడు.

#18 పెన్నా అవతల
తాతగారూ, తుపాన్ల మాట అన్నారు కాబట్టి. 2021 నవంబరులో పెన్నా వచ్చినప్పుడు నేను కోవూరు వైపు ఇరుక్కున్నాను, భార్యాపిల్లలు నెల్లూరులో. పడుగుపాడు దగ్గర హైవే కోసుకుపోయింది, పక్కనే రైలు పట్టాల కింద కట్ట కూడా పోయింది. ఇటు విజయవాడ నుంచి వచ్చిన బండ్లు ఇటే, అటు చెన్నై నుంచి వచ్చినవి అటే. మా ఇంటి డాబా మీద నుంచి చూస్తే నెల్లూరు కనపడుతుంది, వెళ్ళడానికి దారి లేదు.

ఆ రాత్రి మా వీధిలోకి ఆరుగురు లారీ డ్రైవర్లు వచ్చారు. ఒకాయనది ఒడిశా. మాటలు తెలియవు. మా అమ్మ పప్పుచారు పోస్తే చేతులు జోడించి తిన్నాడు. పొద్దున చూస్తే మా వాకిలి ఊడ్చి పెట్టాడు.

నేను ఇంజనీరును కాను. రోడ్డును అంత ఎత్తు కట్ట మీద వేస్తే నీళ్ళు ఎటు పోవాలి అని ఆ రోజు మా వీధిలో ప్రతివాడూ అడిగాడు. పడమటి వైపు పొలాలు చెరువులయ్యాయి. కింద తూములు ఉన్నాయి, లేవని కాదు. ఆ నీళ్ళకు అవి సరిపోలేదు.

#19 కనిగిరి కొండ
మీకు ఉన్న రోడ్డు గొడవ, మాకు వస్తున్న రోడ్డు గొడవ. బెంగళూరు – విజయవాడ కొత్త దారి, 544జి, కొడికొండ దగ్గర మొదలై 340 కిలోమీటర్ల పైచిలుకు వచ్చి ముప్పవరం దగ్గర మీ పదహారో నంబరులో కలుస్తుంది. చంద్రశేఖరపురం, పోలవరం (గోదావరి పోలవరం కాదు, మా వైపుది), మర్రిపూడి, సోమవరప్పాడు మీదుగా ముక్కలు ముక్కలుగా పనులు. పూర్తిగా కొత్త భూమిలో వేస్తున్న రోడ్డు, ఎక్కడ పడితే అక్కడ ఎక్కడానికి, దిగడానికి ఉండదు. ఇంత వెడల్పు రోడ్డు మా పొలాల మీదుగా పోతుంది గానీ దాని మీదికి ఎక్కాలంటే మేము ఎంతో దూరం వెళ్ళాలి.

మా చిన్నాన్నకు వంద గొర్రెలున్నాయి. ఆయన అడిగిన ప్రశ్న ఒకటే: కింద దారి ఎక్కడ పెడతారు? మామిడితోట అక్క రాసింది ఆయనకు చదివి వినిపించాను. గొర్రెను తట్టలో పెట్టుకుని దాటలేము కదా అన్నాడు.

#20 లెక్కల మాష్టారు
వారాంతపు ఒంగోలు గారికి ఒక అదనపు సమాచారం. అలా ఎక్కడ పడితే అక్కడ ఎక్కడానికి, దిగడానికి వీలులేని రోడ్ల మీద ఎక్కిన చోటు నుంచి దిగిన చోటు దాకా కలిపి ఏడాది పాసులో ఒక ట్రిప్పుగా లెక్క. మీ ఆఫీసులో అవునన్నాయన బహుశా అలాంటి రోడ్డు మీద తిరిగి ఉంటాడు.

#21 వారాంతపు ఒంగోలు
అలాగే ఉంది. ఆయనది బెంగళూరే. క్షమాపణ చెప్పి టీ ఇప్పిస్తాను.

ఒక చిలిపి ప్రశ్న. ముప్పవరం మాట వచ్చింది, దాని దగ్గరే కొరిశపాడు – రేణింగవరం మధ్య ఇదే హైవే మీద విమానాలు దిగే రన్‌వే ఉంది కదా. 2022 డిసెంబరు 29న వాయుసేన వాళ్ళు యుద్ధ విమానాలు తెచ్చి పరీక్షించారు. నాన్నను తీసుకెళ్ళి చూపించాలనుకున్నాను, కుదరలేదు. విమానానికి టోలు ఉంటుందా? ఉంటే ఎన్ని యాక్సిళ్ళుగా లెక్క?

#22 పన్నెండు చక్రాలు
ట్యాగు అద్దానికి అతికించారో లేదో ముందు చూస్తారు.

#23 నిర్వాహకుడు
నవ్వులు సరే. ప్లాజా పేరు పెట్టి సిబ్బందిని తిడుతూ వచ్చిన రెండు వ్యాఖ్యలు తీసేశాను. ఫిర్యాదుకు 1033 ఉంది. గుంటగట్టు గారి పద్ధతి చూడండి, పేరు లేకుండానే అంతా అర్థమైంది.

#24 వారాంతపు ఒంగోలు
చర్చ చాలా దూరం వచ్చింది, నా సంగతి చెప్పి ముగిస్తాను. పాత యజమాని ట్యాగు తీసేసి నా పేరు మీద కొత్తది తీసుకున్నాను. రాజ్‌మార్గ్‌యాత్ర యాప్‌లో పాసు కొన్నాను, ఆ రోజే పనిచేయడం మొదలైంది. మొన్న నల్లూరులో మొదటి గేటు దాటగానే ఇంకా 199 మిగిలాయని కబురు వచ్చింది. ఒంగోలు చేరేసరికి 194. మాష్టారి లెక్క మాష్టారి లెక్కే.

మేనమామకు నెలవారీ పాసు సంగతి చెప్పాను. వెళ్ళి అడిగాడు. సర్వీసు రోడ్డు ఉంది కాబట్టి కుదరదన్నారట. ఆ సర్వీసు రోడ్డు మధ్యలో వాగు దగ్గర ఆగిపోతుంది. ఫోటో తీసి మళ్ళీ వెళ్తానన్నాడు.

#25 లెక్కల మాష్టారు
ఫోటోలో వాగు, రోడ్డు చివర, గేటు పైకప్పు మూడూ ఒకే చట్రంలో పడేలా తీయమనండి. అర్జీ రాయించుకుని దాని మీద అందినట్టు సంతకం తీసుకోమనండి. అర్జీ నేను రాసిస్తాను, నాకు విడిగా సందేశం పెట్టండి.

#26 గుంటగట్టు
నేను ఫోనులో గుర్తు పెట్టుకునే గంట ఒకటి పెట్టాను. పట్టుబడికి ముందు రోజు సాయంత్రం ఆరింటికి మోగుతుంది. 'ట్యాగు' అని మాత్రమే రాసి ఉంటుంది. మా ఆవిడకు ఏమీ చెప్పలేదు.

#27 మామిడితోట
పన్నెండు చక్రాల అన్న టేపు చుట్ట ఇచ్చి వెళ్ళారు. మూర కాదు, మా వరస అందరికీ సరిపడా. తట్టలకు చుట్టాము, మా తోడికోడలు చెప్పుల మడమలకు కూడా అతికించుకుంది. కాయలు తీసుకోమంటే నాలుగే తీసుకున్నారు.

#28 వారాంతపు ఒంగోలు
అక్కా, నాన్నకు ఉలవపాడు బంగినపల్లి అంటే ప్రాణం. ఈ శుక్రవారం రాత్రి చెన్నై నుంచి వస్తున్నాను, మీ కొట్టు దగ్గర ఆగుతాను. ఎంతసేపటి దాకా తీసి ఉంటుంది?

#29 మామిడితోట
శుక్రవారం వద్దు బాబూ. మా కొట్టు తూర్పు వైపు, మీరు ఒంగోలు నుంచి చెన్నై వెళ్ళేటప్పుడు ఎడమ చేతికి వస్తుంది. వచ్చేటప్పుడు అవతలి వైపు ఆపి రోడ్డు దాటి రావద్దు, మీకు అలవాటు లేదు. మీ నాన్నగారికి కాయలు శనివారం ఒంగోలు వెళ్ళే ఆటోలో పంపిస్తాను. మీరు ఆదివారం ఆగి మీకు కావలసినవి తీసుకుని డబ్బులు ఇవ్వండి.